పడవకి వేసిన ఓటు

ఎదురుగాలికి సైకిలు నడవదు, నెట్టుకుపోవాలి.
పొద్దున ఏడింటికే జిరిక్‌జే వీధుల్లో
పీటర్నెల్ గాలితో తగువు పెట్టుకుంటూ వస్తుంది.
బుట్టలో చేతి తొడుగులు, లేపనం, ఒక ఆపిల్,
ఎవరింట్లో ఎన్ని నిమిషాలో రాసిన జాబితా.
మేజోళ్ళు తొడగడానికి ఎనిమిది.
స్నానానికి ఇరవై.
మాటలకి గడి లేదు.

అయినా మాట్లాడతారు. ఎల్లుండి ఎన్నికలు మరి.

లూంచె అంటుంది:
"నేను మాటలు వినను తల్లీ, టీవీ గొంతు నొక్కేసి చూస్తాను.
ఎదుటివాడు మాట్లాడుతుంటే
ఎవడి కాలు బల్ల కింద ఊగుతుందో
వాడికి వెయ్యను."
ఈసారి అందరి కాళ్ళూ ఊగాయట.
ఇంకా తేల్చుకోలేదు.

ఆవిడ అటకగదిలో మనవడు యోరిట్, వాడి పిల్ల,
మూడేళ్ళుగా అద్దెకి ఇల్లు దొరక్క.
ఫోను ముప్పై ప్రశ్నలడిగి
వాళ్ళు ఛీకొట్టే పార్టీనే చూపించింది.
మళ్ళీ మొదలెట్టారు.
ఆవుల దగ్గర కొంచెం మెత్తబడి,
పన్నుల దగ్గర కాస్త బిగిసి,
మూడోసారికి తమ పార్టీని తామే గెలిపించుకున్నారు,
నచ్చిన ముహూర్తం చెప్పేదాకా పంతుళ్ళని మార్చినట్టు.

చివరి ఇల్లు క్రెయిన్‌ది. తొంభై ఒకటి.
ఇప్పుడు కాళ్ళలో ఉన్న నీరు
ఒకప్పుడు బయట ఉండేది.
యాభైమూడు ఫిబ్రవరి, రాత్రి, గట్టు తెగి
సముద్రం వంటింట్లోకి వచ్చింది.
పెంకుల మీద పద్దెనిమిది గంటలు.
పడవలోకి లాక్కున్నవాడి కోటు మీద
ఒక పార్టీ బిళ్ళ.

ఆ పార్టీ తర్వాత ఇంకోదానిలో కలిసింది,
పేరు మార్చింది, రంగు మార్చింది, మళ్ళీ పేరు మార్చింది.
క్రెయిన్ మారలేదు.
"పార్టీకి కాదమ్మా, పడవకి వేస్తాను."

ఆ పార్టీయే ఇప్పుడు
ఎనిమిది నిమిషాల్ని ఐదు చేస్తానంటోంది.
కరపత్రం పన్నెండో పేజీ, చీమతలకాయంత అక్షరాలు.
పీటర్నెల్ చదివింది. ఆయన కళ్ళకి ఆనవు.
చెబుదామనుకుంది. మేజోడు మడమ దగ్గర పట్టేసింది,
లాగుతూ ఉండిపోయింది.

ఈ గాలిలో ఆయన గడప దాటలేడు.
ఓటు చీటీ వెనక సంతకం పెట్టి,
గుర్తింపు కార్డు నకలు కలిపి ఆమె చేతికిచ్చాడు.
సంతకం తోక గీత కిందికి జారింది.
"నీతోపాటు నాదీ వేసెయ్. ఎవరికో తెలుసుగా."

బుధవారం, బడి వ్యాయామశాల.
తాళ్ళ నిచ్చెనలు గోడకి చుట్టి కట్టారు.
బ్యాలట్ విప్పితే మంచం దుప్పటంత!
దుప్పట్లు మడవడమే పని ఆమెకి,
అయినా ఆ ఇరుకు అరలో మోచేతులు చాల్లేదు.
ఇరవైకి పైగా పార్టీలు, బారులు తీరిన పేర్లు,
ఒకే ఒక్క ఎర్ర పెన్సిలు.

ముందు ఆయనది.
ఎవరు చూస్తారు?
ఆ గుండ్రం నుంచి ఇంకో గుండ్రానికి జానెడు దూరం.
ఆయన మంచికే కదా, అన్నారెవరో లోపల.
గొంతు తనదే.
పెన్సిలు మొన గాలిలో కాసేపు నిలబడింది.
ఆ పడవవాడు గుర్తొచ్చాడు, తనెప్పుడూ చూడనివాడు.
పెంకుల మీది కుర్రాణ్ణి
నువ్వెవరి తాలూకని అడిగి ఉండడు.

నింపింది. అంచు దాటకుండా, నిండుగా, ఎర్రగా.
తర్వాత తనది, ఇంకోచోట.
రెండూ ఒకే పెట్టెలో పడ్డాయి
ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ.
దేశం లెక్కలో ఇద్దరూ రానట్టే.

మర్నాడు.
"వేశావా?"
"వేశాను."
"నీదెవరికని అడగను."
"అడక్కండి."
ఎడమ మేజోడు ఎక్కింది. కుడిది మొండికేసింది.
ఆమె గోడ గడియారం వైపు చూడలేదు.
ఆయన కిటికీలోంచి గట్టు వైపు చూస్తూ
ఇవాళ గాలి ఎటునుంచీ, అన్నాడు.